ఆఖరి నాలుగు నిమిషాలు

అది జెర్సీ సిటీలో ఒక పాత సినిమా హాలు. మ్యాట్నీ అయిపోయాక, టికెట్లు చింపే ఆయన మెట్లెక్కి ఆపరేటర్ గదిలోకి వచ్చాడు.

“బావా, లైట్లు ముందే ఎందుకేశావ్?”

“హీరో హీరోయిన్లిద్దరూ స్టేషన్లో కలుసుకున్నారుగా! తెనాల్లో ఇరవై ఏళ్ళు అదే చేశాను. జంట కలవగానే లైట్లేసి తలుపులు తీయించాలి. లేకపోతే జనం తొక్కుకుంటారు.”

“అమెరికా వచ్చినా నీ తెనాలి పోలేదు. ఇంకా నాలుగు నిమిషాల సినిమా ఉంది. ఆ పిల్ల తల్లి ఒక్కతే వంటింట్లో కూర్చుని బఠాణీలు ఒలుస్తుంది. మాటల్లేవు.”

“చూశాను. అప్పటికే జనం లేచారు. మళ్ళీ ఆర్పితే చీకట్లో ఎవరైనా పడతారని ఊరుకున్నా. సినిమా తీసిన ముసలాయన గొడవ చేశాడా?”

“ఎనభై ఆరేళ్ళాయన ఏం గొడవ చేస్తాడు? ఈ ఒక్క ఆట కోసం టై కట్టుకుని పారిస్ నుంచి వచ్చాడు. పాతకాలం పద్ధతని కుర్ర డైరెక్టర్లు వెక్కిరిస్తే, దీని తర్వాత నలభై ఏళ్ళు ఆయనకి ఎవరూ సినిమా ఇవ్వలేదట. ఆ వెలుతురులోనే చివరిదాకా చూశాడు.”

“నన్ను తిట్టాడా?”

“లేదు. నిన్నేమీ అనొద్దని మేనేజర్‌కి చెప్పాడు. అప్పట్లో పారిస్‌లోనూ జనం సరిగ్గా అక్కడే లేచి వెళ్ళిపోయారట.”

“ఛ! బడి మానేసిన వెధవని, నాకేం తెలుసు? రీలు ఇంకా మిషన్ మీదే ఉంది. లైట్లు ఆర్పు బావా, ఆ నాలుగు నిమిషాలూ మళ్ళీ వేస్తాను.”

“ఎవరికి? ఆయన టాక్సీ ఎక్కేశాడు.”