తిప్పి చూడు

అక్కడ పెట్టకమ్మా, అక్కడంతా నూనె. ఆ స్టూలు మీదా వద్దు, దానికి ఒక కాలు పొట్టి. అసలు ఆ పెట్టె ఎందుకు మోసుకొచ్చావ్? నేనడిగానా? నిన్ను రమ్మన్నాను గానీ నా సామాను తెమ్మన్నానా? పదకొండేళ్ళు ల్యాబ్‌లో పనిచేసిన వస్తువుని అట్టపెట్టెలో కుక్కి, "ఇదిగో బావా, నీది నువ్వు తీసుకో" అంటే పుచ్చుకోవడానికి నేనేమన్నా పాతసామాన్లవాణ్ణా?

సరే, పాతసామాన్లవాణ్ణే. నవ్వొచ్చు, తప్పులేదు.

నవ్వవు. నీ ఇష్టం.

సంచీలోంచి తొంగి చూస్తోందే, అదేనా రాజీనామా? నాకు తెలీదనుకున్నావా? మీ ల్యాబ్ తుడిచే ఆవిడ కళ్ళజోడు కాడ అతికించుకోడానికి వచ్చి, కాడ సంగతి మర్చిపోయి గంటసేపు నీ గురించే చెప్పింది. "ఇక ఆవిడ మైక్రోస్కోప్‌కి కన్ను ఆనించదట బాబూ" అని. కన్ను ఆనించకుండా ఏం చేస్తావ్? గరిటె పడతావా? నీ వంట మేమెరగనిదా?

కూర్చో. కుర్చీ ఎందుకటు తిప్పుకుంటున్నావ్? కిటికీలోంచి మా ఇల్లు కనిపిస్తుందనేగా. చూశాలే. ఈ షెడ్డుకీ ఆ వంటింటి గుమ్మానికీ ఇరవై అడుగులు. మీ అక్క మంచం ఆ గోడకి ఆనుకునే ఉంది. రెండు నెలలుగా ఆ ఇరవై అడుగులు వెయ్యలేకపోతున్నావ్ నువ్వు.

రోజూ అడిగేది, తెలుసా? "చెల్లి రాలేదా?" అని. నేను రోజుకో కథ చెప్పేవాణ్ణి. డ్యూటీ అన్నాను. జలుబన్నాను, తనకి అంటకూడదని నువ్వు దూరంగా ఉన్నావన్నాను. రెండు నెలలు జలుబేమిటి, మీ బుర్రకి తోచిన అబద్ధం ఇదేనా అని ఆవిడ కళ్ళు మూసుకునే నన్ను వెక్కిరించింది.

నిన్న అడగలేదు.

పొద్దుట అడగలేదు. మధ్యాహ్నం కూడా అడగలేదు. అప్పుడు భయమేసింది నాకు. ఆస్పత్రివాళ్ళు "ఇక ఇంట్లోనే ఉంచుకోండి" అన్నప్పుడు కూడా ఇంత భయమెయ్యలేదు. అందుకే ఫోన్ చేశాను. ఉండు, లేవకు. నిన్ను తిట్టడానికి పిలవలేదు. కాసేపు నన్ను వాగనియ్. నాకు పని గురించి మాట్లాడుతూ ఉంటేనే మిగతా మాటలు వస్తాయి, నీకు తెలుసుగా.

ఏదీ, ఆ పెట్టె ఇలా తియ్. చూడు, ఈ ఐపీసు, నువ్వు కన్ను ఆనించే గొట్టం. అప్పట్లో మీ మైక్రోస్కోప్ ఐపీసులు రెండిట్లో బూజు. లెన్సులో బూజు పడితే అది అద్దాన్ని తినేస్తుంది, తుడిస్తే పోదు. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. కొత్తది వస్తుంది, కొత్తది వస్తుంది అని మీ పైవాళ్ళు మూడేళ్ళు పాట పాడారు. నువ్వేమో కొత్తగా చేరావ్, అద్దంలోంచి చూస్తే ఏమీ కనపడక, ఇంటికొచ్చి మీ అక్క ఒళ్ళో తలపెట్టుకుని ఏడ్చావ్. మీ అక్క నావైపు చూసింది. ఆ చూపు చూసిందంటే ఇక నేను పని మొదలెట్టాల్సిందే, వేరే దారి లేదు.

లెన్సులు విరిగిన బైనాక్యులర్లోవి. గొట్టం సైకిల్ పంపుది. ఇరవైమూడు మిల్లీమీటర్లకి తేవడానికి లేతు మిషన్ మీద రెండు రోజులు అరగదీశాను. మొదటిది కాస్త ఎక్కువ అరగదీసి, వదులైపోయి, బోర్లిస్తే ఊడి మీ అక్క పప్పుగిన్నెలో పడింది. "ఇదిగో, మా ఆయన కన్ను పెట్టి వండాడు" అని వారం రోజులు వీధంతా చెప్పుకుంది.

తర్వాత ఈ అడాప్టర్. కెమెరానీ మైక్రోస్కోప్‌నీ కలిపే గొట్టం, అంతే. పేరే పెద్దది. దీనిలో జిరాక్స్ మిషన్ లెన్సు ఒకటి, దగ్గుమందు సీసా మూత ఒకటి, తెర పగిలి ఎవరో పారేసిన కెమెరా ఒకటి. ఫొటో మధ్యలో వెలుగు మచ్చ వస్తుంటే, గొట్టం లోపలంతా నల్లరంగు వేశాను. అయినా మెరిసింది. మీ అక్క వచ్చి చూసి, లోపలికెళ్ళి, తన నల్లకోటు లోపలి గుడ్డ చింపి తెచ్చింది. మంచి కోటు. అయ్యో అంటే, "కోటు నేను తొడుక్కుంటే ఒక్కదానికే వెచ్చన" అంది.

ఐపీసు లోపలి వెంట్రుక కూడా ఆవిడదే. మర్చిపోయావా? డాక్టరుకి ఏది చూడాలో చూపించడానికి లోపల ముల్లులాంటిది కావాలన్నావ్. రాగితీగ మొద్దుగా కనిపించింది. నా వెంట్రుక పెడదామంటే, బట్టతల వాడి దగ్గర అప్పు పుట్టదని ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆవిడే తలలోంచి ఒకటి పీకి, గోళ్ళరంగుతో లోపలి రింగుకి అంటించింది. ఇదిగో, వెలుతురుకి పెట్టి చూడు. కనిపించిందా? నల్లగా, నిక్కచ్చిగా, ఎలా ఉందో.

మందులకి తల మొత్తం బోడి అయ్యాక, ఆవిడ నల్ల వెంట్రుక ఈ భూమ్మీద ఇదొక్కటే మిగిలింది. దాన్ని నువ్వు అట్టపెట్టెలో వేసి తెచ్చావ్.

ఏడవకు. ఏడవమని చెప్పలేదు. చెప్పడం రాక అలా అన్నాను.

ఇక దుమ్ము సంగతి. పాత సరుకులో దుమ్ము లేకుండా ఎలా ఉంటుంది? ఎంత తుడిచినా మూడు చుక్కలు ఉండిపోయేవి. ప్రతి ఫొటోలోనూ అవే. దూరాన కూర్చుని ఫొటోలు చూసి రిపోర్టు రాసే మీ పెద్ద డాక్టరుకి కూడా అవి బంధువులైపోయాయి. "మెకానిక్ గారి మూడు చుక్కలు క్షేమమా?" అని అడిగేవాడట. నేనే నీకు కిటుకు చెప్పాను. ఏదైనా చుక్క మీద అనుమానం వస్తే ఐపీసు పట్టుకుని తిప్పి చూడు. ఐపీసుతో పాటు చుక్క కూడా తిరిగిందా, అది నా సరుకులో దుమ్ము. తిరగకుండా అక్కడే ఉందా, అది స్లైడ్ మీదుంది, రోగిలోంచి వచ్చింది. గుర్తుండాలని అట్టముక్క మీద రాసి నీ గోడకి అంటించాను కూడా. "తిప్పి చూడు. తిరిగితే నా పాపం, తిరక్కపోతే రోగి ఖర్మ." ఎంత గొప్పగా రాశాననుకున్నానో! రోగులు చదువుతారు తీసెయ్యమని నువ్వు గోల పెట్టినా తియ్యనివ్వలేదు నేను.

తీసేశావా ఇప్పుడు? తీసే ఉంటావ్.

సరే. ఆ రోజు.

మీ అక్క మెడ పక్కన దోసగింజంత గడ్డ. ఏముందిలే అంది. నువ్వే పట్టుబట్టి రమ్మన్నావ్. వానలో ఇద్దరం వచ్చాం. సూది పెట్టి తీశావ్, స్లైడ్ మీద పూశావ్, రంగు వేశావ్. ఆవిడ గొడుగు ఎక్కడ ఆరబెట్టాలా అని తలుపు దగ్గరే నిలబడింది. నేను పక్కబెంచీ మీద కూర్చుని నీ ఫ్యాన్ చప్పుడు వింటున్నాను, బేరింగు పోయిందని. అప్పుడు నువ్వన్నావ్, "బావా, ఓసారి రా. అక్క వెంట్రుక కొస దగ్గర నల్లగా ఏదో ఉంది. నీ దుమ్మేనా? ఐపీసు నాకు తిరగట్లేదు" అని.

తిరగదు మరి. అంతకు వారం ముందే ఊగుతోందని నేనే స్క్రూ బిగించి వెళ్ళాను.

తర్వాత జరిగింది నువ్వెలా చెప్పుకుంటున్నావో నాకు తెలుసు. బావ వచ్చాడు, తిప్పాడు, దుమ్మే అన్నాడు, గొట్టం ఊడదీసి తుడిచి మళ్ళీ పెట్టాడు. ఆ ఊడదీసి పెట్టడంలో స్లైడ్ కాస్త జరిగింది. నువ్వు చూసుకోలేదు. చుక్క పోయిందని చూసుకున్నావు గానీ, స్లైడ్ జరిగిందని చూసుకోలేదు. జరిగిన చోట ఫొటో తీసి పంపావ్. పెద్ద డాక్టరు తేడా ఏమీ లేదని రాశాడు. నాలుగు నెలలకి దోసగింజ నిమ్మకాయైంది. అప్పుడు పెద్దాస్పత్రివాళ్ళు పాత స్లైడ్ తెప్పించి చూసి, "అప్పుడే ఉందే ఇందులో, అప్పుడే పట్టుకుని ఉంటే" అన్నారు. అదీ నీ ముందే అన్నారు. ఆ రోజు నువ్వు నడవలో గోడ పట్టుకుని అలాగే జారి కూర్చుండిపోయావ్.

నేను నీ పక్కనే నిలబడ్డాను. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

ఏంటలా చూస్తావ్?

అవును. నా తప్పు కూడా ఉందని చెప్పి నీ బరువు సగం మోద్దామని పిలిచాననుకుంటున్నావేమో. సగం కాదమ్మాయ్. నీ వంతు ఇందులో అసలు లేదు.

స్క్రూ వదులు చేశాను. కన్ను ఆనించాను. తిప్పాను. సరిగ్గా తిప్పాను, పూర్తిగా ఒక చుట్టు. నా మూడు చుక్కలూ బుద్ధిగా తిరిగాయి. మీ అక్క వెంట్రుక గడియారం ముల్లులా తిరిగింది. ఆ నల్ల ముద్ద తిరగలేదు.

ఇంకోసారి తిప్పాను. తిరగలేదు.

అదేమిటో నాకు తెలీదు. నేను డాక్టర్నా? రంగు ముద్ద కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. కానీ అది నా దుమ్ము కాదు. అంతవరకు నాకు తెలుసు. నా దుమ్ము నేనెరగనా? పదకొండేళ్ళ కాపురం దానితో.

నోరు తెరిచాను, చెబుదామనే. సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర్నించి ఆవిడ అడిగింది. గొడుగు దులుపుకుంటూ, నవ్వుతూ అడిగింది. నువ్వూ విన్నావ్. "ఏమిటండీ అంతసేపు? మీ పాపమా, నా ఖర్మా?"

నేను రాసిన మాటే. ఆవిడ మొహం చూస్తూ, నీ ఖర్మే అని ఎలా చెప్పమంటావ్? చెప్పు, నువ్వైతే చెప్పేదానివా? చెప్పేదానివి. నువ్వు చెప్పేదానివి, నాకు తెలుసు. పరీక్ష చెయ్యడం నీ పని. నాది కాదు, నేను గొట్టాలు కోసేవాణ్ణి.

"నా పాపమే" అన్నాను. మీరిద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అనేశాక ఇక దాన్ని నిలబెట్టుకోవాలిగా! తుడిచాక కూడా ఆ ముద్ద అక్కడే కనిపిస్తే నా అబద్ధం బయటపడదూ? గొట్టం మళ్ళీ పెట్టేటప్పుడు ఎడమచేత్తో కింద స్లైడ్‌ని జరిపే మర తిప్పాను. స్లైడ్ నా చెయ్యి తగిలి జరగలేదమ్మాయ్. నేను జరిపాను. వెంట్రుకవాసి జరిపితే చాలు, లోకం మారిపోతుంది ఆ అద్దం కింద. తర్వాత లేచి, "ఇప్పుడు చూడు, శుభ్రం" అన్నాను. నువ్వు నమ్మావ్. బావ మాట ఎందుకు నమ్మవ్?

సాయంత్రం నీకు ఒక్కదానికే చెబుదామనుకున్నాను. ఒట్టు. ఈలోగా పెద్ద డాక్టరు జవాబు వచ్చేసింది, ఏమీ లేదని. హమ్మయ్య, ఆయనకంటే నాకు తెలుసా అనుకున్నాను. ఆయన చూసింది వేరే ఫొటో అని నాకు తెలీదా? తెలుసు. తెలిసి కూడా ఆయన మాటే పట్టుకు వేళ్ళాడాను. నాలుగు నెలలు రోజూ ఆవిడ మెడ వైపు చూడకుండా అన్నం తిన్నాను.

ఆ తర్వాతి రెండు నెలలు నువ్వు నిన్ను కొట్టుకుంటుంటే చూస్తూ ఊరుకున్నాను. అదే ఎక్కువ పాపమేమో. కోపం వస్తోందా? రానియ్. ఆ సుత్తి అక్కడే ఉంది, కావాలంటే తీసుకో.

సరే, విను, ఇక ఒక్కటే. నువ్వు ఆ స్లైడ్ మీద తప్పు చెయ్యలేదు. అనుమానం వచ్చింది, అడిగావ్. అడగాల్సినంతా అడిగావ్. కాబట్టి ఆ ఇరవై అడుగులూ వెయ్యడానికి నీకు అడ్డేం లేదు. వెనకతలుపు తీసే ఉంచాను. ఆవిడకి గొంతు సరిగ్గా రావట్లేదు, నోటి దగ్గర చెవి పెట్టాలి. ఎడమవైపు కూర్చో, కుడివైపు నొప్పి.

నేను చెప్పింది ఆవిడకి చెబుతావో మానతావో నీ ఇష్టం. చెబితే తిడుతుంది. ఆవిడ తిట్టి చాలా రోజులైంది. రాజీనామా చించెయ్యమని చెప్పే మొహం నాకు లేదు గానీ, చించితే ఆ ముక్కలు ఇక్కడ పడెయ్, పొయ్యిలోకి పనికొస్తాయి.

నేను రాను. ఇక్కడే ఉంటాను. ఎవరిదో కెమెరా ఉంది, షట్టరు పట్టేసింది.

వెళ్ళు. ఆ పెట్టె మాత్రం వదిలెయ్. సరే, నాదే, నేనే తీసుకుంటాను.