గురువుగారి వంతు

క్లెర్జీ అంటేనా? దానికి అర్థం నన్నడుగుతావేంట్రా, చదువుకున్నది నువ్వాయె! ఆఁ, గురుపట్టం పుచ్చుకున్నవాళ్ళు, సరే. అసలు అర్థం మా చర్చి గురువుగారి నోట విన్నాను నేను, నా తొమ్మిదో ఏట. వట్టి పిరికి మనిషిలే పాపం. వీధికుక్క గుర్రుమంటే చాలు, మా అరుగెక్కి "అమ్మా, కాస్త అదిలించండమ్మా" అనేవారు. మా అమ్మ చీపురు పట్టుకుని... ఏం చెప్తున్నాను? ఆఁ, జ్వరాలు. నూలుమిల్లులో జ్వరం పుట్టింది. అంటుకుంటుందని జ్వరం తగిలిన ముప్పై మందిని గోదాములో పెట్టి తాళం వేశారు. గొంతు తడిపే దిక్కు లేదు. ఆ పక్కనుంచి వెళ్తే లోపల తలుపు గోకుతున్న చప్పుడు వినపడేది. ఇప్పటికీ ఎలక గోకినా నా ఒళ్ళు జలదరిస్తుందిరా. చివరికి మేనేజరు మగాళ్ళందర్నీ గోదాము ముందు నిలబెట్టి, "ఒకడు లోపలికెళ్ళి వాళ్ళని చూసుకోవాలి. జ్వరం సద్దుమణిగేదాకా బయటికి రావడానికి లేదు. చీటీలు వేస్తున్నా" అన్నాడు. తన టోపీలోంచే తీశాడు. మా నాన్న పేరు.

అమ్మ గోళ్ళు నా చేతిలో దిగాయి. అప్పుడు గురువుగారు ముందుకొచ్చారు. గడగడా వణుకుతూనే, "అయ్యా, మమ్మల్ని క్లెర్జీ అంటారు. దాని మూలం పాత గ్రీకు మాట. చీటీ అని అర్థం, వంతు అని అర్థం. నా చీటీ పట్టం ఇచ్చిన రోజే తీసేశారు. ఇతన్ని వదిలెయ్యండి" అన్నారు. "భయం లేదూ?" అన్నాడు మేనేజరు. "చచ్చేంత ఉంది బాబూ, త్వరగా తలుపు తియ్యండి, మనసు మారిపోతుందేమో!" బిందె ఎత్తుకుని వెళ్తుంటే ఆ వణుకుకి సగం నీళ్ళు ఒలికిపోయాయి. తలుపు మూశారు. మర్నాటికల్లా గోకుడు ఆగింది. రోజూ కిటికీలోంచి ఖాళీ బిందె ఇచ్చి నిండుది అందుకునేవారు. పదకొండో రోజు అందుకున్న చెయ్యి వేరే ఎవరిదో. పందొమ్మిది మంది బతికి బయటికొచ్చారు. ఆయన రాలేదు.

నాన్నా? ఇంకో నలభై ఏళ్ళు బతికాడు. నాకు ముగ్గురు తోబుట్టువులు ఆ తరవాతే పుట్టారు. కానీ ఆ పూట "వద్దండీ" అని ఒక్క మాట అనలేదురా. అమ్మా అనలేదు. నేనైతే... తొందరగా ఆ తలుపు మూసేస్తే బావుండు, ఆయన మళ్ళీ ఇటు తిరక్కుండా, అనుకున్నాను. తొమ్మిదేళ్ళ పిల్లని...

ఆ కిటికీ వెయ్యి నాయనా, చలిగాలి కొడుతోంది.