నెబ్యులా పక్కన పొగగొట్టం

షెట్లాండ్ దీవిలో, ఊరి హాలు గోడకు ఇంగా తాను తీసిన ఒరాయన్ నెబ్యులా, అంటే చుక్కల మధ్య మెరిసే మేఘం, ఫొటో తగిలించింది. నక్షత్ర సంఘం కార్యదర్శి ఎర్లెండ్ దాని ముందు నిలబడి కళ్లు చిట్లించాడు.

"మూలన ఆ నల్లమచ్చేంటత్తా?"

"పొగగొట్టం."

"కత్తిరించెయ్. రేపు ప్రదర్శనకు పట్నం జనం వస్తారు. లేదా మాలాగే స్పెయిన్ కొండమీది పెద్ద టెలిస్కోపు అద్దెకు తీసుకో. ఇంట్లో కంప్యూటర్ ముందు కూచుంటే ఫొటో అదే వస్తుంది."

"నేను పెరట్లోనే కూచున్నానురా. ఈ జానెడు టెలిస్కోపుతో మూడు చలికాలాలు కాపు కాస్తే, మబ్బులేని గంటలు పదకొండు దొరికాయి."

"అందులోనూ పొగగొట్టం అడ్డమొచ్చిందా?"

"నెబ్యులా దిగేది దాని వెనక్కే. పైగా ఆకాశం తేటపడ్డ రోజే చలి, చలేసిన రోజే ఆ ఇంటివాడు పొయ్యి రాజేస్తాడు. ఆ వేడికి నా చుక్కలన్నీ వణికేవి."

"ఎవడత్తా ఆ దరిద్రుడు? ఆర్పమని అడగకపోయావా?"

"ఎలా అడుగుతాను? వాళ్లింట్లో పసిబిడ్డ ఉంది."

ఎర్లెండ్ ముఖం ఎర్రబడింది. ఇంగా ఉండే వీధిలో పసిబిడ్డ ఉన్నది తనింట్లోనే.

"అయితే... మచ్చ మటుకు కత్తిరిద్దాం అత్తా."

"చెయ్యి వేశావంటే విరిచేస్తా. నెబ్యులా లోకమంతా తీస్తుంది. ఆ పొగగొట్టంతో తీసింది నేనొక్కదాన్నే. కింద రాశాను, చదువు."

ఎర్లెండ్ వంగి చదివాడు: 'ఒరాయన్ నెబ్యులా, ఎర్లెండ్ గారి పొగగొట్టం.'