రెండు పూసల తాబేళ్ళు

“అమ్మమ్మా, ఈ పూసల తాబేళ్ళు భలే ఉన్నాయే! ఒకటి పుట్టబోయే పాపకి కట్టనా?”

వద్దు! ముట్టుకోకే... అక్కడ పెట్టెయ్. కసిరాననుకోకు అమ్మడూ, ఒట్టి మనిషివి కాదు కదా, అందుకని. కూచో, చెప్తా.

మీ అమ్మ మస్కట్‌లో పుట్టింది కదూ, డెబ్భైల్లో. నేను ఆస్పత్రిలో నర్సుని, మీ తాత అక్కడే మందుల స్టోర్లో. నరసాపురానికి ఉత్తరం చేరాలంటేనే పక్షం రోజులు, ఇంక పురుటికి మా అమ్మెక్కడొస్తుందీ? నాతో డ్యూటీ చేసే అమెరికా ఆవిడ, రోజ్ సిస్టరు, ఆవిడే నాకు అమ్మయింది. తల్లివైపు వాళ్ళు సూ అనే తెగ, తెల్లోళ్ళు రాకముందు నుంచీ ఆ దేశంలో ఉన్నోళ్ళు. ఆవాలంత పూసలమ్మా, అవి కుట్టేవారు! ఊరికే సింగారానికి కాదంట, ప్రతి బొమ్మకీ అర్థముంటుందంట. తాబేలంటే ఆయుష్షు. ఓ పట్టాన చావదు కదా. ఆడపిల్ల పుడితే తాబేలు కుట్టి, ఊడిన బొడ్డుతాడు దాని కడుపులో దాస్తారు. మనోళ్ళు తాయెత్తులో పెట్టరూ, అలాగే. మీ తాత ఒకటే నవ్వు, “తలకింద బైబిలు, మొలకి తాయెత్తూనా” అని.

నాకోసం రోజ్ సిస్టరు రెండు కుట్టింది, అచ్చుగుద్దినట్టు. ఒకదాంట్లో బొడ్డుతాడు, రెండోది ఖాళీ. పిల్లకోసం వచ్చే చెడు ఏదైనా ఉంటే, ఖాళీదాన్ని చూసి ఇదే పిల్లనుకుని దాని మీద పడాలంట. “అసలుది దాచెయ్, ఖాళీది పిల్లకి దూరంగా వేలాడదియ్యి” అంది. విన్నాను. వినలేదని చెప్పను.

అప్పుడు వార్డులో ఇబ్రి అనే ఊర్నుంచొచ్చిన సల్మా అని ఒకావిడ. ముగ్గురు పిల్లలు పోయి, నాలుగో పిల్ల దక్కింది. బొడ్డు కూడా ఊడింది. ఓరోజు మా రూముకొచ్చి తాబేలు చూసి, లోపల బొడ్డుతాడుందని విని, నా పిల్లకీ ఇవ్వవా అని గెడ్డం పట్టుకుంది. కడుపుకోత పడ్డ మనిషి, తాయెత్తడిగితే లేదంటామా? అసలుదివ్వడానికి నాకు మనసొప్పలేదు. ఖాళీదే కదా, ఒట్టి పూసలు, ఆవిడ మనసు కుదుటపడుతుందిలే అనుకుని, నా చేతుల్తో నేనే ఆ పిల్ల మొలకి కట్టాను.

మూడోరోజు మధ్యాహ్నం. ఆ పిల్ల పాలు తాగుతున్నదల్లా తాగడం ఆపేసి, తలుపు వైపు చూడ్డం మొదలెట్టింది. ఏడుపు లేదు, జ్వరం లేదు. అలా చూస్తూనే... పొద్దు వాలాక అసర్ నమాజుకి పిలిచే వేళకి పోయింది. డాక్టరుకేం అర్థం కాలేదు. రోజ్ సిస్టరు దుప్పటి తీసి, మొలకున్నది చూసి, నెమ్మదిగా, “రమ్మని పిలిచేదాన్ని పిల్లకి కట్టావా?” అంది.

నేనివన్నీ నమ్మను అమ్మడూ. నమ్మను. కానీ ఆ ముడేసింది నేనే కదా.

నలభై రోజులయ్యాక సల్మా మళ్ళొచ్చింది. తాబేల్ని ఉతికి, గుడ్డలో చుట్టి తెచ్చి నా చేతులు ముద్దుపెట్టుకుంది. “నీ పాపకి ఉండనీ” అని. నేను చేసింది ఆవిడకి తెలీదు. నేనూ నోరు విప్పలేదు. వెళ్ళాక నొక్కి చూద్దును కదా, లోపల గట్టిగా ఏదో తగిలింది. తన పిల్ల బొడ్డుతాడు పెట్టి కుట్టేసిందే!

మస్కట్ వదిలి ఇంటికొచ్చేసేటప్పుడు కంగార్లో రెండూ ఒకే పెట్టెలో సర్దాను. ఇప్పుడు మీ అమ్మదేదో, ఆ పిల్లదేదో నాకే తెలీదు. ఏది పారెయ్యనూ?

ఆ పిల్ల పేరు కూడా అడగలేదే నేను. ప్రార్థనలో మీ అమ్మ పేరు చెప్పాక కాసేపు ఊరికే ఆగుతా... ఏమని పిలవనూ?

సర్లే, ఇలా దగ్గరికి రా. నీ కడుపు చల్లగుండాలి తల్లీ. ఉత్త చేతుల్తోనే దీవిస్తున్నా...