దీర్ఘానికి ఒక వంపు ఎక్కువ

మూడో అంతస్తు వాటాలో భోజనాల బల్ల. దాని మీద భోజనం తప్ప అన్నీ ఉన్నాయి: తోలు ముక్కలు, చాకు, సుత్తి, మైనం పట్టించిన దారం. సెలవురోజుల్లో డైరీలకు తోలు అట్టలు చెక్కే గుమాస్తా ఒక పక్క, ఆయన భార్య ఒక పక్క.

“అయితే ఈ అట్టకి రెండు వేలు అందాం.”

“పొద్దున నాలుగన్నారు.”

“పొద్దున కాఫీ తాగిన ఊపులో అన్నాను.”

“ఆ ఊపులోనే ఉండండి. టీచర్ గారికి అప్పుడే ఫోన్‌లో నాలుగని చెప్పేశాను. ఆవిడ సరే అన్నారు కూడా.”

“సరే అన్నారా? బేరమాడలేదా?”

“ఆడలేదు.”

“పాపం పెద్దావిడ, సరిగ్గా వినపడి ఉండదు.”

“వినపడింది. మూడు వారాలు మెడ వంచుకుని చెక్కారు. తోలు ఖరీదే పన్నెండు వందలు. మిగిలింది మీ అరవై గంటలకీ పంచితే గంటకి నలభై ఆరు పడుతుంది.”

“ఆఫీసులో నేను కునుకు తీసే గంటకి అంతకంటే ఎక్కువిస్తారు.”

“అందుకే అంటున్నాను, నాలుగు ఎక్కువ కాదని. పాడుచేసిన రెండు ముక్కలూ లెక్కలో వెయ్యనే లేదు.”

“మూడు.”

“మూడోది ఎప్పుడు పాడైంది?”

“దాని సంగతి తర్వాత. నిజం చెప్పు, నేను ఇప్పటిదాకా చేసిన ఇరవై రెండు అట్టలూ ఎక్కడున్నాయి?”

“చుట్టాల దగ్గర.”

“డబ్బిచ్చి కొన్నవాళ్లు?”

“ఇప్పుడెందుకండీ ఆ మాటలు.”

“ఒక్కరూ లేరు. మా బావగారు దాన్ని కుంటి మంచం కోడు కింద పెట్టుకున్నాడు. ఏడాదైనా అణగలేదోయ్ అని మెచ్చుకున్నాడు కూడా. మీ అక్క దాని మీద వేడిగిన్నె దింపుతుంది.”

“తోలు కదా, బల్ల కాలదని...”

“కాలదు. మంచానికీ పనికొచ్చింది, గిన్నెకీ పనికొచ్చింది. రాసుకోవడానికే ఎవరికీ పనికిరాలేదు. అందుకే ఈ ఒక్కటీ చుట్టం కాని మనిషి డబ్బిచ్చి పట్టుకెళ్తే చూడాలని నా కోరిక. ఒక్కసారి చాలు. ఆ తర్వాత సుత్తి అటకెక్కించమన్నా ఎక్కిస్తాను.”

“ఇంకేం మరి, ఆవిడ పదకొండింటికి వస్తానన్నారు. ఏదీ, ఆ గుడ్డ తియ్యండి, చూస్తాను.”

“వద్దు.”

“ఎందుకు వద్దు?”

“చెమ్మ ఆరాలి.”

“నిన్నటి నుంచీ ఆరుతూనే ఉందిగా. తప్పుకోండి... అబ్బ, ఎంత బావుందండీ! ఈ ఆకులూ, ఈ అంచూ... ఏమండీ.”

“ఊఁ.”

“ఆవిడ ఏం చెక్కమన్నారు?”

“‘నా రాత’ అని. తన కథ రాసుకుంటారట.”

“మీరేం చెక్కారు?”

“నువ్వే చదువు.”

“నా నోటితో నేను చదవను. మీరే చదవండి.”

“... ‘నా రోత’.”

“అయ్యో అయ్యో! అంతా నా రాత!”

“అదే చెక్కాల్సింది.”

“పరాచికాలా? ఎలా వచ్చిందండీ ఇది?”

“దీర్ఘం మరీ బోసిగా ఉందనిపించి, అందం కోసం పైన ఒక వంపు తిప్పాను. ఒక్క వంపే. అది ఓత్వమై కూర్చుంది.”

“చూసుకోవద్దూ?”

“చూసుకున్నాను. ఎంత బాగా తిరిగిందో అని పది నిమిషాలు మురిసిపోయాను. మురిసిపోవడం అయ్యాక చదివాను.”

“చెరిపెయ్యండి.”

“తోలు మీద చాకు దిగాక చెరపడానికి అదేమన్నా పలకా?”

“పోనీ ఆ వంపు మీద ఓ పువ్వు చెక్కండి.”

“రోతకి పువ్వు పెట్టినట్టుంటుంది.”

“నవ్వించకండి, నాకు ఏడుపొస్తోంది. ఉండండుండండి, మెట్ల మీద చప్పుడు.”

“ఆవిడేనా?”

“చేతికర్ర చప్పుడు. ఆవిడే.”

“అయితే వెయ్యి చాలు.”

“ఏమండీ!”

“ఎక్కడిదాకా వచ్చారు?”

“రెండో అంతస్తు.”

“తోలు ఖరీదు కూడా వద్దు. ఊరికే ఇచ్చేద్దాం. దారిఖర్చులు మనమే ఇచ్చి పంపిద్దాం.”

“ఇంకో అంతస్తుంటే ఈ వాటా కూడా రాసిచ్చేలా ఉన్నారు. నోరు మూసుకుని కూర్చోండి... రండి టీచర్ గారూ, రండి. ఈ కుర్చీలో కూర్చోండి.”

“అమ్మయ్య. మూడంతస్తులు ఎక్కించావు నాయనా, వస్తువు మంచిదై ఉండాలి. ఏదీ, ఇటివ్వు.”

“కళ్లజోడు తెచ్చుకోలేదాండీ?”

“ఇంట్లో మర్చిపోయాను. మనుషులు కనిపిస్తారు, అక్షరాలే అలుక్కుపోతాయి.”

“అలాగా! ఫరవాలేదండీ. హాయిగా అలుక్కుపోనివ్వండి.”

“ఆకులు బాగా వచ్చాయి. కుట్టు తిన్నగా ఉంది. వేలు పెట్టి చూస్తే ఎక్కడా గరుకు తగలడం లేదు. ఎవరు నేర్పారు?”

“ఎవరూ లేరండీ. పాడుచేసుకుంటూ నేర్చుకున్నాను.”

“నాలుగు వేలన్నావు కదమ్మా? ఇదుగో నాయనా.”

“ఏమండీ, తీసుకోండి. ఆవిడ చెయ్యి చాపే ఉన్నారు.”

“తీసుకున్నాను... టీచర్ గారూ.”

“చెప్పు.”

“మంచినీళ్లు తాగుతారా అంటున్నారండీ ఆయన.”

“నేనది అనడం లేదు. ఈ డబ్బు మీరు వెనక్కి తీసుకోండి. అది ‘రాత’ కాదండీ.”

“ఏమండీ...”

“నువ్వుండు. ‘రోత’ అని పడిందండీ. మీరు చూడలేదు కదా అని జేబులో వేసుకుందామనుకున్నాను. చెయ్యి జేబు దాకా వెళ్లింది కూడా. నా పనికి ఒకరు డబ్బివ్వడం ఇదే మొదటిసారి. అది ఇలా మాత్రం వద్దండీ, సిగ్గేస్తోంది. ఇంకోటి చేసిస్తాను. ఊరికే చేసిస్తాను.”

“చూడలేదని నీకెవరు చెప్పారు?”

“కళ్లజోడు లేదు కదా...”

“చెక్కిన అక్షరానికి కళ్లజోడెందుకు? వేలు చాలు. దీర్ఘం దగ్గర తిన్నగా పోవాల్సిన వేలు గిర్రున తిరిగొచ్చింది. ముప్పై అయిదేళ్లు పిల్లల తప్పులు దిద్దినదాన్ని.”

“తెలిసే డబ్బిచ్చారా?”

“తప్పుకి మార్కులు తీసేస్తాను. పనికి కూలి తీసెయ్యను. ముందు ఆ డబ్బు జేబులో పెట్టు.”

“పెట్టుకున్నారండీ. నేను చూస్తున్నాను.”

“అయితే కొత్తదాని మీద ‘రాత’ అని జాగ్రత్తగా...”

“వద్దు. ఆరు నెలలుగా కాగితం పైన ‘నా రాత’ అని రాసుకుని కూర్చుంటున్నాను. మొదటి పేజీ దాటలేదు. పుట్టాను, చదివాను, చదివించాను. అంతే, అయిపోయింది. ఇందాక నీ అక్షరం తడిమానా, ముందు మా ఆడపడుచు గుర్తొచ్చింది. ఆ తర్వాత మా హెడ్మాస్టరు. ఆ తర్వాత మా ఆయన.”

“అయ్యయ్యో, క్షమించండి టీచర్ గారూ.”

“క్షమించడమెందుకు? కొత్తది చెయ్యమనే అంటున్నాను. ఇదే మాట, ఇదే వంపు. దానికీ నాలుగు వేలిస్తాను. కాకపోతే లావుగా చెయ్యి. ఈ అట్టలో రెండొందల పేజీల పుస్తకం కంటే పట్టదు. రాతకైతే అదే ఎక్కువ. రోతకి ఏ మూలకొస్తుంది?”