లావు పుస్తకం, పెద్దంచు శాలువా

పామర్రు సెంటర్లో గోపీనాథ్ టీకొట్టు దగ్గర ఆ సాయంత్రం బెంచీలన్నీ నిండిపోయాయి. కారణం వీరభద్రయ్య గారు. ఆయనది ఎదురుగా చేనేత బట్టల కొట్టు. ఆదివారం మా ఊరి లైబ్రరీలో ‘సరదా చదువు’ సభ పెట్టారు. పరీక్షల కోసం కాదు, ఉద్యోగం కోసం కాదు, ఊరికే ఇష్టంగా చదివిన పుస్తకం గురించి ఎవరైనా లేచి చెప్పొచ్చు. ఎవరికి ఎక్కువ చేతులు లేస్తే వాళ్ళకి శాలువా. ఆ శాలువా భద్రయ్య గారి కొట్లోంచే వెళ్తోంది. మంచి పెద్దంచుది ఆయనే ఏరి పక్కన పెట్టారు, మళ్ళీ తన భుజాల మీదకే రావాలని. అందుకని ఆదివారం లేవాల్సిన చేతులకి ఇవాళే టీలు పోయిస్తున్నారు.

"అబ్బే, గొప్పేం లేదండీ. మధ్యాహ్నం బేరాల్లేక లైబ్రరీ పుస్తకం తీశా. ఇంత లావు. ఓ పడవ సరంగు కథ. నాలుగు పేజీలు కాస్త పైకి చదువుకున్నా, అంతే. లుంగీ కోసం వచ్చినాయన గుమ్మంలోనే నిలబడిపోయాడు. చివరికి బేరం కూడా ఆడకుండా డబ్బులిచ్చి, లుంగీ మర్చిపోయి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"లుంగీ కోసం తిరిగొచ్చుంటాడు," అన్నాడు గోపీనాథ్.

"ఒక్కడే వస్తేనా! వాళ్ళ వీధి వీధంతా వెంటబెట్టుకొచ్చాడయ్యా. అరుగు చాలక రోడ్డు మీద కూచున్నారు. ఇంతలో బందరు బస్సు. హారన్ కొట్టబోయిన డ్రైవరు చెయ్యి ఎత్తింది ఎత్తినట్టే ఉండిపోయింది. కండక్టరు దిగాడు, జనం దిగారు. దాని వెనక ఇంకో బస్సు, దాని వెనక లారీ, అలా బళ్ళు ఎక్కడిదాకా ఆగాయనుకున్నారు? కంకిపాడు దాకా! అంత దూరం నా గొంతు వినపడదు కదండీ, అందుకని ముందు బండివాడు విని వెనక బండివాడికి చెప్పడం, వాడు ఆ వెనకవాడికి చెప్పడం. సరంగు పడవెక్కాడన్న మాట కంకిపాడు చేరేసరికి ఇక్కడ వాడు దిగిపోయేవాడు!"

"నిన్న నేను ఆ రోడ్డు మీదే వచ్చానే," అన్నాడు తిరుపతిరావు. కాలవ చివర శివారు చేను ఆయనది.

"నిన్న కాదు బావా, మొన్న."

"ఇంతకీ ఆ సరంగు పేరేంటి?"

"పేరుదేముంది బావా! మనిషి మాత్రం బంగారం."

ఇంతలో లైబ్రరీ రేణుక భుజాన సంచీతో వచ్చి, బెంచీ చివర కూచుని టీ చెప్పింది. ఆదివారం సభ పెట్టింది ఆవిడే. ఆవిణ్ణి చూడగానే భద్రయ్య గారు గొంతు ఇంకాస్త పెంచారు.

"రా అమ్మా రేణుకా, నువ్వూ విను. తుఫాను ఘట్టం అందుకున్నానండీ. దోమలు కుట్టడం మానేశాయి. వాలిన దోమ వాలినట్టే వింటోంది. కొట్టబోయినవాడు కూడా, పోనీలే, ఈ ఘట్టం అయ్యాక కొడదామని ఆగాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కాలవ ఆగింది!"

"లాకులు మూశారేమోనండీ," అన్నాడు గోపీనాథ్.

"లాకులెవరు మూస్తారయ్యా! కాలవ మా కొట్టు వెనకే కదా, పారే నీళ్ళు నా గొంతు విని అక్కడే నిలబడిపోయాయి. చేపలు తలలు పైకెట్టి చూస్తున్నాయి. ఎగువ నుంచి వచ్చే నీళ్ళు వీటి మీద పడి, అవీ ఆగుతున్నాయి. నీరు గోడలా లేచింది. బెజవాడ బ్యారేజీ నుంచి ఫోను. ‘ఏవండీ, నీళ్ళు మా మీదకి ఎదురొస్తున్నాయి, కాస్త చదవడం ఆపుతారా?’ అని. ‘ఆపితే జనం ఊరుకోరండీ, ఇంకొక్క అధ్యాయం ఓపిక పట్టండి’ అన్నా."

"మరి దిగువన మా చేల సంగతి?" తిరుపతిరావు నిజంగానే కంగారుపడ్డాడు.

"అక్కడికే వస్తున్నా బావా. ఆఖరి అధ్యాయంలో సరంగు పోతాడు. ఇంక చూస్కో, కంకిపాడు దాకా ఏడుపులే! ఆ కన్నీళ్ళు పంటబోదెల్లో పడి, బోదెలు పొంగి, శివారు చేలన్నీ తడిసిపోయాయి."

"మా చేలో చుక్క లేదు."

"ఉప్పు నీళ్ళు కదా, పైరుకి మంచిది కాదని మీ చేనుకి మాత్రం నేనే అడ్డం కట్టించా. అంచేత ఆదివారం చేతులు గట్టిగా ఎత్తండి. తలకి రెండేసి ఎత్తినా నేనేం అనుకోను."

రేణుక టీ తాగేసి గ్లాసు కింద పెట్టింది. "అయితే చివరిదాకా చదివారన్నమాట, బాబాయ్ గారూ."

"అక్షరం వదిలితే ఒట్టు!"

ఆవిడ సంచీలోంచి ఓ లావుపాటి పుస్తకం తీసింది. అట్ట మీద పడవ బొమ్మ. "శాలువా కోసం ఇప్పుడే మీ కొట్టుకెళ్ళొచ్చా. గాలికి బట్ట ఎగరకుండా దీన్ని బరువు పెట్టారు. పిన్నిగారే తీసి ఇచ్చారు," అంటూ తిరుపతిరావు చేతికిచ్చింది.

ఆయన తెరవబోయాడు. పేజీలు విడలేదు. మొదటి పేజీ తప్ప మిగతావన్నీ అంచు దగ్గర మడత విడకుండా జంటలు జంటలుగా అతుక్కునే ఉన్నాయి.

"ఈ కాపీ ప్రెస్సులో అంచులు కొయ్యకుండానే వచ్చేసిందండీ. నేనూ చూసుకోకుండా ఇచ్చేశాను," అంది రేణుక.

మేమంతా భద్రయ్య గారి వంక చూశాం. పాపం, ఆయన ముఖం చూస్తే నాకు జాలేసింది గానీ నవ్వు ఆగలేదు.

"మడతల్లోకి పైనుంచి తొంగి చూసి చదివానమ్మా," అన్నారాయన మెడ రుద్దుకుంటూ. "అందుకే ఇక్కడ పట్టేసింది."

తిరుపతిరావు పుస్తకం ఆయన ఒళ్ళో పెట్టి, తన చేతులు రెండూ చంకల్లో దాచేసుకున్నాడు. గోపీనాథ్ కూడా చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

రేణుక సంచీ భుజాన వేసుకుని లేచింది.

"ఆదివారం దాకా టైముందిగా. రోజూ తానులు కోస్తారు. ఇవాళ మా దగ్గర ఇన్ని కోతలు కోశారు. ఈ పేజీలు కొయ్యడానికేం వచ్చింది, బాబాయ్ గారూ?"