పై కాగితం

లేవకండి అల్లుడుగారూ, కూర్చోండి. నా మాట పూర్తవలేదు. తొంభై రెండో సంవత్సరం, ఎండాకాలం చివర, యూనివర్సిటీలో నాకు సీటొచ్చిన రోజు ఇదే బల్ల దగ్గర మిమ్మల్ని ఏమడిగాను? ఆ క్లాసులో లెక్కలు చేయించేది మీరే కదా, అక్కడ నన్ను మామగారిలా చూడొద్దన్నాను. మీరేమన్నారు? "అలాగే మామయ్యగారూ" అన్నారు.

అలాగే అంటే ఇదా?

రాత్రిబడిలో అక్షరాలు దిద్దినవాణ్ణి. అరవై దాటాక ఫిజిక్సు చదువుతానంటే నవ్వనిదెవరు? సరే, నవ్వనీ అనుకున్నాను. వారం వారం మీరు లెక్కల కాగితాలు పంచేవారు. కట్టలో పై కాగితం ఎప్పుడూ నాకే. పెద్దవాణ్ణని మర్యాద చేస్తున్నారనుకుని మురిసిపోయాను చూడండి, అది తలుచుకుంటేనే ఒళ్ళు మండుతోంది.

పక్కవాడి కాగితంలోకి తొంగిచూసేవాణ్ణా నేను? చూడనని మీకు తెలుసు. నా మొండితనం మీద భరోసా పెట్టుకునే చేశారీ పని.

ఆదివారాలు ఇక్కడే కూర్చునేవాణ్ణి. రెండు పెట్టెలు, ఇన్ని కణాలు, ఎన్ని రకాలుగా సర్దవచ్చు? నా కాగితంలో కణాలకి ఒకటి, రెండు, మూడు అని నంబర్లుండేవి. నేను బఠాణీ గింజల మీద సిరాతో నంబర్లేసి అటూ ఇటూ సర్దుకునేవాణ్ణి. దారి తప్పితే మీరు దగ్గేవారు. మళ్ళీ మొదలుపెట్టేవాణ్ణి. వంటింట్లోంచి అమ్మాయి "నాన్నా, అయిందా?" అని కేకేసేది. "అయిందే తల్లీ" అనేవాణ్ణి. ఎంత పొగరో ఆ గొంతులో.

మరి నిన్న? మీరూ ఉన్నారుగా, వెనక కిటికీ పక్కన. నోటి పరీక్ష. పెద్ద మాస్టారు బోర్డు మీద రెండు గదులు గీశారు. మధ్యలో గోడ. రెండింట్లోనూ ఒకటే వాయువు, ఒకటే వేడి, ఒకటే ఒత్తిడి. గోడ తీసేస్తే ఎంట్రోపీ, అదే, కణాలు ఎన్ని రకాలుగా సర్దుకోగలవో చెప్పే కొలత, ఎంత పెరుగుతుందన్నారు. ఓస్, ఇంతేనా అనుకున్నాను. సుద్దముక్క అందుకుని గబగబా లెక్క కట్టేశాను. జవాబు కింద గీత కూడా గీశాను.

ఆయన నిదానంగా, "గోడ మళ్ళీ దించితే అంతా మొదటున్నట్టే ఉంటుందిగా. మరి మీరు పెంచింది ఎక్కడికి పోయిందండీ?" అన్నారు.

"అదెలాగండీ, అటు కణాలు ఇటొచ్చేశాయిగా" అన్నాను.

"అటువేవో, ఇటువేవో ఎలా గుర్తుపడతారు?"

"నంబర్లుంటాయి కదండీ."

ఎవరూ నవ్వలేదు అల్లుడుగారూ. నవ్వినా బాగుండేది.

బయటికొచ్చాక ముందు బెంచీ పిల్ల తన కాగితాలు చూపించింది. "మూడో వారంలోనే నంబర్లు తీసేశారు కదా తాతగారూ" అంది. ఆ కాగితాల్లో కణాలన్నీ ఒకేలాంటివి. రెండు చోటు మార్చుకున్నా అది కొత్త అమరిక కాదట. ఎక్కువ లెక్కపెట్టినవన్నీ భాగించి తీసెయ్యాలట. క్లాసంతటికీ ఒక కాగితం, నాకొక్కడికీ ఒకటి.

ఏమిటీ? అమ్మాయి అడిగిందా? నాన్న చిన్నబుచ్చుకుంటాడు, తేలికవి ఇవ్వండి అందా? ఊఁ. అందుకేనన్నమాట, పొద్దుట్నుంచీ వంటింట్లోంచి తల బయటపెట్టడం లేదు. ఇద్దరూ కలిసి నన్ను ఉయ్యాల్లో పడుకోబెట్టి ఊపారు. ఆ దగ్గులు కూడా జోలపాటలే.

నాకు రాకపోతే తప్పేవాణ్ణి. ఆ తప్పడం నాదయ్యేది. రాత్రిబడిలో 'ఋ' రాయలేక పలక మీద ఎన్నిసార్లు చెరుపుకున్నానో. నా కోసమని తేలికైన అక్షరాలు కనిపెట్టలేదు అక్కడెవరూ.

టీ చల్లారిపోతోంది, తాగండి. ఇంక మిమ్మల్ని అని ఏం లాభం? నోటి పరీక్ష తప్పితే సీటు పోతుంది, రెండోసారి రానివ్వరు. ఇవాళ పొద్దున నా స్టూడెంటు కార్డు యూనివర్సిటీ ఆఫీసులో తిరిగిచ్చేశాను.